దయచేసి తడపవద్దు

ఏప్రిల్ 4

అమ్మాయ్,

ఈ ఉత్తరం రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. రెండుసార్లు కాగితం తీసి మళ్లీ సొరుగులో పెట్టేశాను కూడా. మీ అత్తయ్య తుంటి విరిగి ఆసుపత్రిలో చేరి ఇరవై మూడు రోజులైంది. మేనకోడలివి, నువ్వొచ్చి చూసింది ఒక్క పూట. ఆ పూట కూడా మంచం పక్కన కూర్చుని ఫోనులో ఎవరితోనో సీసాల గురించి పోట్లాడావు. ఇలాంటి పిల్లకి రాసేదేమిటి అనిపించింది. మీ అత్తయ్యే, "తిట్టాలని ఉంటే తిట్టండి, కానీ ఆ రిపోర్టు సంగతి కూడా అడగండి" అంది. అందుకని రెండూ చేస్తున్నాను. తిట్టడం అయింది.

ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. ఫోనులో నాకు సగం వినపడదు, వినపడిన సగం నచ్చదు. పైగా ఫోనులో నువ్వు నన్ను ఒక్క కథ పూర్తి చెయ్యనివ్వవు.

ఆపరేషన్ బాగానే అయింది. ఆ తర్వాత జ్వరం పట్టుకుంది. రక్తం తీసి చూసి అందులో ఈస్ట్ పెరిగిందన్నారు. ఇక్కడి డాక్టరు కుర్రాడు మంచివాడే గాని, ఏది చెప్పినా గడియారం చూస్తూ చెబుతాడు. "రొట్టె పిండి పులియడానికి వేస్తారే, ఆ జాతే తాతగారూ, మామూలే" అన్నాడు. మామూలైతే పది రోజులు మందిచ్చినా జ్వరం ఎందుకు దిగలేదని అడిగాను. గడియారం చూశాడు. రిపోర్టులో ఆ ఈస్ట్ పేరు కాండిడా అని మొదలై, ఆపైన నోరు తిరగని మాట ఉంది. ఇంగ్లీషు అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు దించి ఈ కాగితం వెనక రాశాను. నువ్వు ఉద్యోగం చేసేది ఇలాంటివాటి మీదే కదా. చూసి చెప్పు.

నేను మటుకు ఇక్కడ ఊరికే కూర్చోలేదు. యాభై ఏళ్లు తూకం కాటాలూ, మైక్రోస్కోపులూ, కుట్టు మిషన్లూ బాగుచేసినవాడిని, ఎనిమిది మంచాల వార్డులో కూర్చోబెడితే చేతులు ఊరుకుంటాయా. చెయ్యాల్సిన పని చాలా కనిపించింది. చేశాను. ఇక్కడ ఆడా మగా అందరికీ ఒకటే వార్డు. పక్క మంచం మీద రిటైరైన బస్సు కండక్టరు ఉన్నాడు, కాలి పుండుతో చేరాడు. ఎప్పుడు డాక్టర్లు గుంపుగా వచ్చినా "కొంచెం లోపలికి జరగాలి, లోపలికి జరగాలి" అని అరుస్తాడు. మీ అత్తయ్య నా మాటలకి నలభై ఆరేళ్లలో నవ్వనంత నవ్వు అతని మాటలకి ఇక్కడ నవ్వింది. నాకు కోపం రాలేదు. చాలా మంచి మనిషి.

త్వరగా రాయి. నీ సీసాలకి కాస్త సెలవివ్వు.

మీ మామయ్య

ఏప్రిల్ 8

మామయ్యా,

తిట్లు అందాయి. ఆ రోజు ఫోనులో నేను పోట్లాడింది ఏ సీసాల గురించో ఇప్పుడు చెబుతాను. నువ్వు కూర్చున్న ఆ ఆసుపత్రి నుంచే మా ల్యాబుకి రావలసిన నమూనాల గురించి. ఏడాదిగా అడుగుతున్నాను. ఫిబ్రవరిలో ఉత్తరం కూడా రాశాను. జవాబు లేదు.

నువ్వు దించి పంపిన పేరు చూసి నాకు ఒళ్లు మండింది. ఆసుపత్రుల్లో ఈస్ట్‌ని పోల్చే పాత యంత్రాల దగ్గర ఒక ఫొటో ఆల్బం లాంటిది ఉంటుందనుకో. కొత్తగా వచ్చినవాడి ఫొటో అందులో ఉండదు. కానీ నాకు తెలియదు అని ఆ యంత్రం చెప్పదు. పోలికలున్న చుట్టం పేరు చెప్పేస్తుంది. అత్తయ్య రిపోర్టులో ఉన్నది ఆ చుట్టం పేరు. అసలువాడు కాండిడా ఆరిస్ అయి ఉంటాడని నా అనుమానం.

ఈస్ట్ మన ఒంట్లోంచే పుడుతుందని, పక్క మంచానికి పాకదని డాక్టర్ల పాత నమ్మకం. ఇది పాకుతుంది. ఏ బాధా పెట్టకుండా మనిషి చర్మం మీద నెలల తరబడి ఉంటుంది. మంచం కడ్డీ మీద, కుర్చీ చేతుల మీద వారాలు బతుకుతుంది. నేల తుడిచే మామూలు మందుకి సరిగ్గా చావదు. బ్లీచింగ్ నీళ్లకి చస్తుంది. రక్తంలోకి దిగితే మాత్రం ముగ్గురిలో ఒకరిని తీసుకుపోతుంది. దీనికి ఉన్న మందులు మూడు రకాలు. అత్తయ్యకి ఇస్తున్నది మొదటి రకం. నా అనుమానం నిజమైతే అది నీళ్లతో సమానం.

మీ డాక్టరుకి ఫోను చేశాను. అరగంట వాదించాను. నమూనా పంపడానికి ఒప్పుకున్నాడు. మందు ఇవాళే మార్చండి అంటే, మీ ఫలితం రానివ్వండి అన్నాడు. రోజుకి రెండుసార్లు ఫోను చేసి విసిగిస్తాను, అది నాకు వదిలెయ్యి.

నీకొక పని. అత్తయ్యని తాకినవన్నీ నాకు రాసి పంపు. మనుషులూ, వస్తువులూ, అన్నీ. పక్క మంచాల వాళ్లకీ అత్తయ్యకీ ఉమ్మడిగా వాడినవి ముఖ్యం. నీ అభిప్రాయాలు వద్దు, జాబితా చాలు. నీ అంత కళ్లున్నవాళ్లు ఆ వార్డులో ఇంకెవరూ లేరు, అందుకే అడుగుతున్నాను.

నీ మేనకోడలు

ఏప్రిల్ 12

అమ్మాయ్,

నీ ఫోను పుణ్యమా అని మీ అత్తయ్యని నడవా చివర గదిలో పడేశారు. తలుపుకి ఎర్ర కాగితం. లోపలికి వెళ్లాలంటే పసుపురంగు అంగీ, చేతులకి తొడుగులు, మూతికి గుడ్డ. మొదటిరోజు నేను ఆ వేషంలో వెళ్లేసరికి మీ అత్తయ్య గుర్తుపట్టక, "నేల ఇందాకే తుడిచారు బాబూ" అంది. భోజనం తెచ్చే ఆవిడ పళ్లెం గుమ్మం దగ్గర పెట్టి, తలుపు తట్టి పోతోంది. తుంటి విరిగిన మనిషి గుమ్మం దాకా ఎలా వస్తుందమ్మా అని అడిగాను. "నాకు చెప్పింది అంతే" అంది. ఇలా చెయ్యమని చెప్పినవాళ్లు ఎవరని కనుక్కుంటే నీ పేరు చెప్పారు.

నిన్న మీ అత్తయ్య నా చెయ్యి పట్టుకుని, అంటే ఆ రబ్బరు తొడుగు పట్టుకుని, "నేనేం చేశానండీ" అని అడిగింది. దానికి జవాబు నువ్వు రాయి. నాకు తెలియదు.

జాబితా అడిగావు. అభిప్రాయాలు వద్దన్నావు. నా దగ్గర ఉన్న సరుకల్లా అదే, అయినా ప్రయత్నిస్తాను.

మంచం. ఎడమ కడ్డీ వదులు, నేను బిగించాను. పరుపు మీది ప్లాస్టిక్ చిరిగితే టేపు వేశాను. థర్మామీటరు వార్డంతటికీ ఒకటే, పెద్ద సిస్టర్ బల్లకి దారంతో కట్టి ఉంటుంది. ఒకరికి చూశాక తుడిచి ఇంకొకరికి. ఒకప్పుడు నా దగ్గరికి పశువుల డాక్టరొకడు థర్మామీటరు పెట్టె బాగుచేయించుకోవడానికి తెచ్చి, ఇందులో ఏది గేదెలదో ఏది తన ఇంట్లోదో తెలియడం లేదన్నాడు. ఇక్కడ కనీసం ఆ గొడవ లేదు. చక్రాల కుర్చీ ఒకటి, అందరికీ. నడిపించే అమ్మాయి రోజూ వచ్చి మీ అత్తయ్య నడుముకి ఒక బెల్టు కట్టి లేపుతుంది, అదే బెల్టు నాలుగో మంచానికీ. కండక్టరు పేకముక్కలు. మీ అత్తయ్య ఎప్పుడూ గెలిచేది, అతను ఓడిపోవడానికే ఆడేవాడు.

ఇక రక్తపోటు చూసే పట్టీలు. వీటి గురించి నువ్వు బెంగపడక్కర్లేదు, అవి నా చేతిలోంచి వచ్చినవి. నేను మొదట చూసినప్పుడు వాటి అవతారం చెప్పడానికి లేదు. గుడ్డ చిరిగి రబ్బరు సంచి బయటికొచ్చి, అతుక్కోవలసిన చోట అతుక్కోక, బ్యాండేజీతో కట్టి నెట్టుకొస్తున్నారు. అలా చూస్తే అంకె ఎలా నిజం అవుతుంది? కొత్తవి కావాలని పెద్ద సిస్టర్ స్టోరుకి తొమ్మిది చీటీలు రాసిందట. పదో చీటీ రాస్తూ ఏడ్చినంత పని చేసింది. "నాకివ్వమ్మా" అన్నాను. రెండ్రోజులకొకటి చొప్పున ఇంటికి తెచ్చి బాగుచేసి, పైన కొత్త తొడుగు కుట్టాను. గుడ్డ ఏదనుకున్నావు? నువ్వు చిన్నప్పుడు ఎక్కి గెంతిన మెరూన్ రంగు సోఫా ఉందే, దాని వీపు మఖమల్. చర్మానికి ఎంత మెత్తగా ఉంటుందో. ఏడు పట్టీలు, జంట కుట్టు. కండక్టరు జబ్బ నా తొడంత ఉంటుంది, ఏ పట్టీ సరిపోదు, గాలి కొట్టగానే టప్పున ఊడి పడేది. అతని కోసం కొలతలు తీసి ఎనిమిదోది ప్రత్యేకంగా చేశాను. అది కట్టుకుని కూర్చుని, "ఇన్నేళ్ల సర్వీసులో నా కొలతకి యూనిఫాం కుట్టినవాడు లేడు, మీరే మొదటివారు" అన్నాడు.

ఆయా వాటిని బ్లీచింగ్ గుడ్డతో తుడవబోతే ఆపాను. మఖమల్ రంగు పోతుంది, పీచు లేస్తుంది. తను మాటిమాటికీ మరిచిపోతోందని ప్రతి పట్టీకీ ఒక చిన్న గుడ్డ చీటీ కుట్టాను, నా దస్తూరీతో: దయచేసి తడపవద్దు. ఇప్పటిదాకా ఒక్కరూ తడపలేదు. కాబట్టి ఆ వార్డులో శుభ్రంగా ఉన్నవి ఏవైనా ఉంటే అవే.

ఇదీ జాబితా. ఇక మీ అత్తయ్యని ఆ గదిలోంచి బయటికి తెప్పించు.

మామయ్య

ఏప్రిల్ 16

మామయ్యా,

తొందరలో రాస్తున్నాను.

అత్తయ్య నమూనా ఫలితం వచ్చింది. కాండిడా ఆరిస్. మొదటి రకం మందుకి లొంగదు, రెండోదానికి అంతంతమాత్రం, మూడోదానికి లొంగుతుంది. ఆ మందు నిన్న సాయంత్రం నుంచే ఎక్కిస్తున్నారు. గది తప్పదు. పళ్లెం గుమ్మం దగ్గర పెట్టడం మాత్రం నేను చెప్పింది కాదు, దాని గురించి పెద్ద సిస్టర్‌తో మాట్లాడాను, ఇక లోపలికే తెస్తారు. అత్తయ్య ఏమీ చెయ్యలేదు. ఆమెకి అలాగే చెప్పు, నా మాటగా.

ఆ పట్టీలన్నీ ఇవాళ వార్డులోంచి తీయించమని సిస్టర్‌కి చెప్పాను. మా మనిషి వచ్చి పట్టుకెళతాడు. కండక్టరుగారికీ వార్డులో మిగతావాళ్లకీ పరీక్ష చెయ్యమని ఆసుపత్రికి ఉత్తరం రాశాను.

నువ్వు వాటి జోలికి వెళ్లకు. తిట్టదలుచుకుంటే తర్వాత తిట్టు.

నీ మేనకోడలు

ఏప్రిల్ 22

గౌరవనీయులైన పరిశోధకురాలుగారికి,

నిన్న సూపరింటెండెంటుగారు నన్ను తమ గదికి పిలిపించారు. నలభై రోజులుగా ఆ గది ముందు కూర్చుంటే ఒక్కసారి తలుపు తెరవని మనిషి, నిన్న కుర్చీ చూపించి టీ తెప్పించాడు. అప్పుడే అనుకున్నాను, ఏదో మూడిందని.

"మీరు చాలా మంచి మనసుతో చేశారు, అది మాకు తెలుసు" అన్నాడు.

"ఏం చేశాను?" అన్నాను.

మీరు పంపిన రిపోర్టులో నాలుగో పేజీ తీసి నా ముందు పెట్టాడు. మీ సంతకం నాకు తెలుసు, అది దిద్దించింది నేనే. అందులో ఇలా ఉంది: 'రోగి బంధువు ఒకరు కుట్టిన గుడ్డ తొడుగులు. తడపవద్దని వాటిపై సూచన ఉన్నందున శుభ్రపరచలేదు. ఏడింటిలో అయిదింటిపై ఈస్ట్ పెరిగింది.'

రోగి బంధువు ఒకరు. తమరికి ఎనిమిదేళ్లప్పుడు స్టూలెక్కించి మైక్రోస్కోపులో ఉల్లిపొర చూపించిన మనిషి, ఇప్పుడు రోగి బంధువు ఒకరు. బంధువు ఎవరికో కూడా రాయలేదు. అంత దూరం ఎప్పుడు జరిగామో నాకు తెలియలేదు.

"దీన్నిబట్టి సంగతి మీకు అర్థమవుతోంది కదా" అన్నాడు సూపరింటెండెంటు. "మేము ఎవరినీ నిందించడం లేదు. బయటి వస్తువులు లోపలికి రాకూడదన్న నియమం పెడుతున్నాం, అంతే." నేను మెట్లు దిగేసరికి బోర్డు పెట్టేశారు. 'బయటి వస్తువులు నిషేధం.' బోర్డు ఇంకా తడిగా ఉంది. తొమ్మిది చీటీలకి కదలని ఆసుపత్రి ఒక్క పూటలో బోర్డు రాయించింది.

నా సోఫాలోంచి పుట్టిందా నీ ఈస్ట్? ఆ సోఫా మీద ముప్ఫై ఏళ్లు కూర్చున్నాం. నువ్వు గెంతావు. ఎవరికి జ్వరం వచ్చింది?

కండక్టరు మొన్న పొద్దున్న పోయాడు. నాలుగు రోజులు జ్వరం. మీ అత్తయ్యకి మొదట ఇచ్చిన మందే అతనికీ ఇచ్చారు. నువ్వు నీళ్లతో సమానం అన్నావే, అదే. పోయే ముందురోజు కూడా సెలైన్ సీసా మార్చడానికొచ్చిన అమ్మాయిని "చిల్లర ఉందా" అని అడిగాడు. అతని భార్య నడవాలో నా చేతులు రెండూ పట్టుకుని, "మీరు కుట్టిన పట్టీ ఆయనకెంత హాయిగా ఉండేదో అన్నయ్యగారూ, రోజూ చెప్పేవారు" అంది. నీ రిపోర్టు నాలుగో పేజీ అప్పటికి నాకు తెలియదు. తెలిసి ఉంటే ఆ చేతులు అలా ఇచ్చి నిలబడగలిగేవాడిని కాదు. ఇప్పుడు ప్రతి గంటకీ ఆ చేతులే గుర్తొస్తున్నాయి.

మీ అత్తయ్యకి నయం చెయ్యమని నిన్ను అడిగాను. నన్ను పట్టివ్వమని అడగలేదు. ఇకమీదట ఉత్తరాలు రాయనక్కర్లేదు.

ఇట్లు,
రోగి బంధువు

ఏప్రిల్ 26

మామయ్యా,

రాయనక్కర్లేదన్నావు, రాస్తున్నాను. చదవకుండా సొరుగులో పెట్టకు. ఈసారి నేను నీకంటే ఎక్కువ కోపంలో ఉన్నాను.

నీకు చూపించింది నాలుగో పేజీ. మొదటి పేజీ చూపించాడా ఆ పెద్దమనిషి? చూపించడు. అది నేను ఇక్కడ దించి పెడుతున్నాను. 'ఈ ఈస్ట్ జనవరి నుంచే ఈ వార్డులో ఉంది. రెండో మంచంలోనూ ఆరో మంచంలోనూ ఇద్దరు రోగుల రక్తంలో దొరికింది. రెండుసార్లూ దాన్ని తప్పు పేరుతో నమోదు చేశారు. ఇద్దరూ మరణించారు. నమూనాలు పంపమని ఫిబ్రవరిలో కోరగా ఆసుపత్రి జవాబివ్వలేదు. చిరిగిన పట్టీలు మార్చమని వార్డు తొమ్మిదిసార్లు కోరగా స్టోరు ఇవ్వలేదు.' ఇది మొదటి పేజీ. అత్తయ్య అక్కడ చేరింది మార్చిలో. నీ సోఫా ఆ వార్డు గుమ్మం తొక్కింది ఆ తర్వాత.

ఇది ఎలా తెలిసిందో కూడా చెబుతాను, నువ్వు మెచ్చుకుంటావు. ఈస్ట్ రెండుగా చీలే ప్రతిసారీ తన లోపలి రాతని మళ్లీ దించుకుంటుంది. కోటికి పైగా అక్షరాలు. ఎప్పుడో ఒక అక్షరం తప్పు పడుతుంది. ఆ తప్పు తర్వాతి ప్రతులన్నిటిలోనూ వస్తుంది. నీ ఉత్తరాన్ని ఒకరు దించి, అది చూసి ఇంకొకరు దించితే, తప్పుల్ని బట్టి ఎవరు ఎవరిది చూసి రాశారో పట్టుకోవచ్చు కదా. జనవరిలో పోయిన ఆ ఇద్దరి నమూనాలున్న సీసాలు ఆసుపత్రివాళ్లు పారెయ్యమంటే, అక్కడి ల్యాబులో ఒక టెక్నీషియన్ పారెయ్యకుండా దాచింది. నేను అడగ్గానే పంపింది. ఆ సీసాల్లోదానికీ నీ పట్టీల మీద దొరికినదానికీ తేడా రెండు అక్షరాలు. పట్టీకీ అత్తయ్యకీ ఒకటి. పట్టీకీ కండక్టరుగారికీ ఏమీ లేదు. తేడా ఎంత తక్కువైతే అంత దగ్గరి ప్రతి అన్నమాట.

కాబట్టి వినదగ్గది ఇది, వినదలుచుకోనిది కూడా ఇదే. ఆ ఈస్ట్‌ని నువ్వు తేలేదు. నువ్వు మోశావు. మఖమల్ పీచులో అది దాక్కుంది, నీ చీటీ దాన్ని కాపాడింది. మంచం నుంచి మంచానికి నీ పట్టీ మీద వెళ్లింది. ఈ రెండు మాటల్లో ఏ ఒక్కటి తీసేసినా మిగతాది అబద్ధం అవుతుంది. సూపరింటెండెంటు మొదటిది తీసేశాడు. నువ్వు రెండోది తీసెయ్యమంటున్నావు.

రోగి బంధువు అని ఎందుకు రాశానో అడిగావు. మా మామయ్య అని రాస్తే ఆ రిపోర్టు చెత్తబుట్టలో వేసేవారు, సొంత మనిషిని కాపాడుకుంటోందని. అయినా రాయబోయే ముందు నీకు చెప్పాల్సింది. చెప్పలేదు. భయపడ్డాను. నువ్వు ఒక కథ మొదలుపెడతావు, అది పూర్తయ్యేసరికి నేను ఆ పేజీ మెత్తగా రాసేస్తాను. అది నా తప్పు. ఒప్పుకుంటున్నాను.

ఇంకొకటి ఉంది. దీనికి నన్ను తిట్టు, ఆ తిట్టుకి తగినదాన్నే. అత్తయ్య కోసం నేను రోజుకి రెండుసార్లు ఫోను చేశాను. కండక్టరుగారి కోసం ఉత్తరం రాశాను. ఆ ఉత్తరం సూపరింటెండెంటు బల్ల మీద అయిదు రోజులు ఉంది. ఆయన నమూనా మా దగ్గరికి వచ్చింది ఆయన పోయిన రెండో రోజున. ఆయనకి ల్యాబులో మేనకోడలు లేదు, అంతే తేడా.

నేను పదేళ్ల పిల్లనప్పుడు నీ దగ్గరికి ఒక కిరాణా కొట్టతను కాటా తెచ్చాడు. కొంచెం ఇటు మొగ్గేలా బిగించమన్నాడు. నువ్వు కాటా అతని చేతిలో పెట్టి, షాపు మెట్లు దింపి వచ్చావు. ఎందుకు మామయ్యా అంటే, "నా చేతి పని మీద అబద్ధం నిలబడకూడదు" అన్నావు. నాకు అప్పటి నుంచీ అదే వచ్చు.

ఇప్పుడు పని. సిస్టర్ పంపినవి ఏడు. నువ్వు రాసినవి ఎనిమిది. కండక్టరుగారి పెద్ద పట్టీ రాలేదు. వార్డులో లేదు, స్టోరులో లేదు. అది ఎక్కడో ఎవరి జబ్బకో చుట్టుకుని ఉంటే ఇదంతా మళ్లీ మొదలు. వెతుకు. దొరికితే వట్టి చేతులతో ముట్టుకోకు. తొడుగులు వేసుకుని రెండు సంచుల్లో కట్టి సిస్టర్‌కివ్వు. అది ఉన్న చోటు బ్లీచింగ్ నీళ్లతో తుడిపించు.

అత్తయ్యకి మూడు రోజులుగా జ్వరం లేదు. నీకు తెలుసు గాని నాకు రాయలేదు.

నీ మేనకోడలు

మే 3

అమ్మాయ్,

నీ ఉత్తరం మూడు రోజులు సొరుగులోనే ఉంది. మీ అత్తయ్య తెమ్మంటే తీసుకెళ్లి ఆవిడ చేతిలో పెట్టాను. అద్దాలు పెట్టుకుని అంతా చదివింది. నాలాగా మధ్యలో ఆగి గోడలు చూడలేదు. చదివి మడత పెట్టి, "నలభై ఆరేళ్లు మీ చేతి పని నేను మెచ్చుకోలేదని సాధించారు. మెచ్చుకున్నవాళ్లకి ఏమైందో చూశారుగా" అంది. ఆ మాట అని అటు తిరిగి పడుకుంది. కాసేపటికి ఇటు తిరిగి, "వెళ్లి ఆ పట్టీ వెతకండి" అంది. మనిషికి బలం వస్తోంది.

నీ మొదటి పేజీ పట్టుకుని సూపరింటెండెంటు దగ్గరికి వెళ్లాను. మళ్లీ టీ తెప్పించబోయాడు. వద్దన్నాను.

"ఈ పేజీ మీ బోర్డు పక్కన అతికించండి" అన్నాను.

"అది అంతర్గత పత్రం తాతగారూ, మీ దగ్గరికి ఎలా వచ్చింది?"

"నాలుగో పేజీ వచ్చిన దారినే. అది మీరే చూపించారు కదా."

"జనాన్ని భయపెట్టకూడదు."

"జనవరి నుంచి భయపడి ఉంటే ఇద్దరు ముగ్గురు బతికేవారు" అన్నాను. అతను గంట నొక్కాడు. ఎవరో వచ్చి నా మోచెయ్యి పట్టుకున్నారు. నేను చదివింది అయిదో తరగతి, మిగతా చదువంతా పాత పుస్తకాలూ పాడైన యంత్రాలూ. మీటింగుల్లో మాట్లాడినవాడిని కాను. కానీ చెవిటివాడిని కదా, నాకు మెల్లగా మాట్లాడ్డం చేతకాదు. ఆ నడవాలో బల్లల మీద కూర్చున్న వాళ్లందరి ముందూ నీ మొదటి పేజీ చదివాను. ఎవరూ ఆపలేదు. చదవడం అయ్యాక వెళ్లిపోదామనే అనుకున్నాను, నిజం చెబుతున్నాను. కాళ్లు కదిలాయి కూడా. మళ్లీ ఆగి నాలుగో పేజీ చెప్పాను. అది నా దగ్గర లేదు, నోటికొచ్చు. ఆ రోగి బంధువు నేనే అని చెప్పాను. ఒకాయన లేచి, "మా అమ్మ అయిదో మంచం" అన్నాడు. అంతే అన్నాడు. నేను నిలబడ్డాను. కొడతాడేమో అనుకున్నాను. అతను నన్ను తోసుకుని సూపరింటెండెంటు గదిలోకి వెళ్లాడు, అతని వెనక ఇంకో ఇద్దరు. మర్నాడు వార్డులో అందరికీ దూది పుల్లతో చంకలో రాసి నమూనాలు తీశారు. నాకూ తీశారు. వాటిని నీకు ఇవాళ పంపారని సిస్టర్ చెప్పింది. కొత్త పట్టీలు కూడా వచ్చాయి, మంచానికొకటి. ఎక్కడ దాచారో ఇన్నాళ్లూ.

సోఫాలో మిగిలిన మఖమల్ కాల్చేశాను. దానికి పాపం ఏమీ తెలియదు, అయినా కాల్చేశాను.

ఇక ఎనిమిదోది. సిస్టర్ ఆలోచించి ఆలోచించి, కండక్టరు సామాను మూట కట్టినప్పుడు ఆవిడే ఆ పట్టీ అందులో పెట్టానంది, అది ఆయనదే కదా అని. నిన్న మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. బస్సు డిపో వెనక వీధి, రెండో అంతస్తు. దారి పొడుగునా ఏం చెప్పాలో కూర్చుకున్నాను. నీ జనవరి సంగతి ముందు చెప్పి, ఆ తొమ్మిది చీటీలు చెప్పి, సూపరింటెండెంటుని తిట్టి, ఆ తిట్టే ఊపులో నా సంగతి చెప్పేద్దామనుకున్నాను. మెట్లు ఎక్కేసరికి ఆయాసంతో అదంతా పోయింది.

ఆవిడ తలుపు తీసి, "రండి అన్నయ్యగారూ" అని కుర్చీ వేసింది. గోడకి ఒక మేకు, దానికి అతని విజిలూ, తోలు సంచీ, నా పట్టీ. తడపవద్దన్న చీటీ ఇటువైపే తిరిగి ఉంది. ఆవిడ నా చూపు చూసి, "ఎవరో అడిగినా ఇవ్వలేదు. ఆయన కొలత కదా" అంది.

చెప్పాను. నాది ముందు చెప్పాను, ఆసుపత్రిది తర్వాత చెప్పాను. ఆవిడ నిలబడే వింది. మీ అత్తయ్య కోసం నువ్వు చేసిన ఫోన్ల సంగతి, ఆయన కోసం రాసిన ఒక్క ఉత్తరం సంగతి కూడా చెప్పాను. దాచలేదు.

నేను తొడుగులు వేసుకుని పట్టీ తీసి రెండు సంచుల్లో కట్టాను. బ్లీచింగ్ నీళ్లతో తుడవాలని చెప్పాను. ఆవిడ లోపలికి వెళ్లి బక్కెట్టులో కలిపి తెచ్చింది. మేకు తుడిచింది, గోడ తుడిచింది, విజిల్ నీళ్లలో ముంచి తీసింది. నేను లేచాక, నేను కూర్చున్న కుర్చీ కూడా తుడిచింది.

మామయ్య